మా రేగడి నేలలో సెప్టిక్ ట్యాంకు: నా అనుభవం

ఇల్లు కట్టేవాళ్ళు పునాది కోసం మట్టి చూపిస్తారు, బోరు కోసం నీటి పడక చూపిస్తారు, గుమ్మం కోసం దిక్కులు చూపిస్తారు. మరుగుదొడ్డి నీళ్ళు ఆ మట్టిలో ఎటు పోతాయని అడిగేవాళ్ళు మాత్రం అరుదు. దుగ్గిరాల వైపు మా పుట్టింటి ఊళ్ళో అమ్మకు ఇల్లు కట్టించే బాధ్యత నేను తీసుకున్నాక, ఎక్కువ ఆలోచించింది, ఎక్కువ మందిని అడిగింది, ఎక్కువగా వాదించింది ఈ ఒక్క విషయం గురించే. డెల్టా ఊళ్ళలో ఇల్లు మొదలుపెట్టబోయేవాళ్ళకు ఉపయోగపడాలని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా స్థలం ఊరి నడిమధ్య గ్రామకంఠంలో ఉంది. తూర్పు పడమరలు నలభై అడుగులు, ఉత్తర దక్షిణాలు అరవై అయిదు అడుగులు. సుమారు ఆరు సెంట్లు. తాతగారి నాటి పెంకుటిల్లు తీసేసి అదే చోట కడుతున్నాం. ఒక వీధి దాటితే పంటకాలవ, దాని అవతల వరి పొలాలు. సీతానగరం దగ్గర బయల్దేరిన కృష్ణా పశ్చిమ కాలవ నీళ్ళే దుగ్గిరాల లాకులు దాటి మా వైపు వస్తాయి. 1855లో ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచీ, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, ఈ నేల ఏటా కొన్ని నెలలు నీళ్ళలో నానుతూనే ఉంది. పైన నల్లరేగడి, కింద ఒండ్రు, కాలవలు వదిలితే చేతికందే లోతులో ఊట. ఇక్కడ సెప్టిక్ ట్యాంకు గురించి ఏం మాట్లాడాలన్నా ఈ మూడింటితోనే మొదలుపెట్టాలి.

కాగితాల పని త్వరగానే చెప్పేస్తాను. మా దగ్గర సెప్టిక్ ట్యాంకుకంటూ విడిగా పర్మిషను లేదు. ఇంటి ప్లానులో అదొక చిన్న గడి, అంతే. లైసెన్సు ఉన్న ఇంజనీరు గీసిన ప్లాను, స్థలం మనదని చూపే కాగితాలు, ఇంటి పన్ను రసీదులు పెట్టుకోవాలి. గ్రామకంఠం స్థలాలకు ఉండే చిక్కు ఏమిటంటే, రెవెన్యూ రికార్డులో ఊరి నివాసాలన్నిటికీ కలిపి నంబరు ఉంటుంది గానీ ఎవరి జాగా ఎంతో విడివిడిగా ఉండదు. 2020 ఏప్రిల్‌లో మొదలైన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో ఇళ్ళ స్థలాలు కొలుస్తున్నది ఈ లోటు తీర్చడానికే. మాకు తాతగారి పేరున పాత పన్ను రసీదులు, నాన్న పేరున భాగపంపకాల దస్తావేజు, కరెంటు బిల్లులు భద్రంగా ఉన్నాయి కాబట్టి పని సాఫీగా జరిగింది. పాత రసీదులను చెత్త కింద పారేయకండని మాత్రం అందరికీ చెబుతాను.

మా ఇంజనీరు గీసిన ప్లానులో ఈశాన్యాన బోరు, వాయవ్యాన సెప్టిక్ ట్యాంకు, దాని పక్కన ట్యాంకు నీళ్ళు నేలలోకి దిగడానికి ఇంకుడు గుంత ఉన్నాయి. వాస్తు ప్రకారం చాలామంది చేసేది అదే. అమ్మకూ అదే కావాలి. అయితే గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుగా ఉన్న కుర్రాడిని ఒక మాట అడిగాను, ఈ ఇంకుడు గుంత మన మట్టిలో పనిచేస్తుందా అని. అతను దాచకుండా చెప్పాడు.

"అక్కా, ప్లానులో ట్యాంకు చూపించారా లేదా అన్నదే మేం చూసేది. అడుగున ఏ మట్టి ఉందో రాయమని అందులో గడి లేదు. అది మీరే చూసుకోవాలి."

అతనే ఐఎస్ 2470 చదవమన్నాడు. సెప్టిక్ ట్యాంకులకు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన నియమావళి అది. రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగం ట్యాంకు గురించి, రెండో భాగం ట్యాంకులోంచి బయటికొచ్చే నీళ్ళను ఏం చేయాలన్న దాని గురించి. మన ఊళ్ళలో ఎవరైనా మాట్లాడితే మొదటి భాగం గురించే మాట్లాడతారు. అసలు చిక్కంతా రెండో దాంట్లో ఉంది. ట్యాంకులో జరిగేది సగం పనే. బరువైన మడ్డి అడుక్కి దిగుతుంది, తేలికైన తెట్టె పైకి తేలుతుంది, గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు మడ్డిని కొంత తినేస్తాయి. మధ్యలోంచి బయటికి పోయే నీరు చూడ్డానికి కాస్త తేటగా ఉన్నా రోగక్రిములు అందులో ఇంకా చాలా ఉంటాయి. ఆ నీటిని శుభ్రం చేయాల్సింది నేల. ఆ పని నేల చేయగలదా లేదా అన్నది ముందుగా తెలియాలి.

మా తాపీ మేస్త్రి ఊళ్ళో సగం ఇళ్ళు కట్టిన మనిషి, నాకు వరసకు బాబాయి. ఆయన లెక్క వేరే. "ట్యాంకెందుకమ్మా, ఆరు వరలు దింపేద్దాం. అడుగు వెయ్యొద్దు. నీళ్ళు కిందికి పోతయ్, ఇరవై ఏళ్ళు చూసుకోబళ్ళా" అన్నాడు. సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి దింపి, అడుగు మట్టినే వదిలేసి, పైన మూత పెట్టడం మా ఊళ్ళో మామూలు. ఖర్చు తక్కువ, పని త్వరగా అయిపోతుంది, నిండినట్టు కనపడదు. ఎందుకు కనపడదు అన్నదే నా ప్రశ్న. నీరు ఊటలో కలిసిపోతోంది గనక. ఆషాఢం, శ్రావణాల్లో కాలవలు నిండుగా పారేటప్పుడు అదే ఊట వెనక్కి వరల్లోకి వస్తుంది. అప్పుడు మా వీధిలో ఎన్ని ఇళ్ళలో బకెట్టు నీళ్ళు గుమ్మరించినా దొడ్డి దిగదో ఆడవాళ్ళని అడిగితే చెబుతారు. ఎదురింటి పిన్ని ఆ రెండు నెలలూ స్నానాల నీళ్ళు కూడా పొదుపుగా వాడుతుంది. ముసలివాళ్ళు, ఆడపిల్లలు ఉన్న ఇళ్ళలో అదెంత అవస్థో తల్చుకుంటేనే బాధ కలుగుతుంది. ఆ కష్టాన్ని ఇన్నేళ్ళు వానాకాలపు మామూలు సంగతిగా సర్దుకుపోవడం నాకు అస్సలు నచ్చదు.

మేస్త్రి బాబాయితో వాదన పెట్టుకోలేదు. ముందు గుంట తవ్వి చూద్దామన్నాను, ఆయన సరేనన్నాడు.

మే నెల ఎండల్లో వాయవ్యం మూల గడ్డపారతో తవ్వించాం. పైన రెండడుగుల దాకా పెంకుముక్కలు, ఇటుక పొడి కలిసిన మెరక మట్టి. దాని కింద నిగనిగలాడే నల్లరేగడి, గోడల్లో చెయ్యి దూరేంత నెర్రెలు. ఆరడుగులు దాటాక పసుపు రంగు తిరిగిన జిగట మట్టి, పట్టుకుంటే తడి. నేల నీళ్ళను ఎంత వేగంగా ఇంకించుకుంటుందో చూసే పరీక్ష ఐఎస్ 2470లో ఉంది. దాని ప్రకారం, ఇంకుడు గుంత ఏ లోతులో పెట్టాలనుకున్నామో ఆ లోతులో అడుగు వెడల్పున ఇంకో చిన్న గుంట చేశాం. పార దెబ్బలకు నునుపైన గోడల్ని మేకుతో గీకి, రాలిన మట్టి తీసేసి, అడుగున రెండంగుళాల ముతక ఇసుక పోశాం. తరవాత అడుగు ఎత్తున నీళ్ళు పోశాం.

నీళ్ళు చూస్తుండగానే మాయమయ్యాయి. మేస్త్రి బాబాయి నా వైపు చూసి, "చెప్పలా? మన నేల తాగుద్దమ్మా" అన్నాడు.

పరీక్షలో అతి ముఖ్యమైన భాగం ఇక్కడే ఉంది. నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను ఎక్కువ. ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. నీళ్ళు తగిలితే నానేసిన సగ్గుబియ్యంలా ఉబ్బి ఆ నెర్రెలన్నీ మూసేస్తుంది. ఎండాకాలంలో మొదటిసారి పోసిన నీళ్ళు పగుళ్ళలోకి పారిపోతాయి గానీ మట్టిలోకి ఇంకవు. ఆ పూట చూసిందే నమ్మి ఇంకుడు గుంత కట్టేస్తే, నాలుగు వానలు పడేసరికి అది నీళ్ళ తొట్టి అయి కూర్చుంటుంది. నియమావళి రాత్రంతా నీళ్ళు నిలబెట్టమన్నది ఇందుకే. మా పాలేరు రాత్రి పడుకోబోయే ముందు దాకా గుంట ఎండకుండా నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున నీటి మట్టం ఇసుక మీద ఆరంగుళాలకు సరిచేసి, ఒక కర్ర అడ్డంగా పెట్టి, స్కేలుతో కొలిచాం. అరగంట గడిచినా పావు అంగుళం దిగలేదు. మళ్ళీ కొలిచాం, అదే. లెక్క ఇలా ఉంటుంది: అంగుళం నీరు ఇంకడానికి ముప్పై నిమిషాల లోపు పడితే ఇంకుడు గుంత పనికొస్తుంది. ముప్పై నుంచి అరవై మధ్య పడితే గుంత సరిపోదు, నీటిని ఎక్కువ మేర పరిచే కందకాల పద్ధతి కావాలి. అరవై దాటితే ఆ నేలకు మురుగునీరు అప్పగించకూడదు, ముందు వడపోత గదిలో శుభ్రపడాలి. మాది రెండు గంటలకు పైన. బాబాయి స్కేలు తన చేత్తో పట్టుకుని చూశాడు. ఆ తరవాత వరల మాట ఎత్తలేదు.

కాలవలు వదిలాక రెండో సంగతి తేలింది. ఒక మూల గుంట పూడ్చకుండా, పిల్లలు పడకుండా మూత వేసి ఉంచాను. జులై చివరికి అందులో నేలమట్టానికి నాలుగడుగుల కిందే నీళ్ళు నిలిచాయి. నేలమట్టానికి 180 సెంటీమీటర్ల లోపే, అంటే ఆరడుగుల లోపే ఊట ఉంటే గుంత తవ్వి నీరు ఇంకించే పద్ధతే వద్దంటుంది ఐఎస్ 2470. మట్టి మంచిదైనా కూడా నేల మీద మెరక చేసి, ఆ దిబ్బలో నీటిని పరవమంటుంది. మాకు మట్టీ అనుకూలం కాదు, ఊటా అనుకూలం కాదు. మే నెలలో తవ్విన గుంట చూసి ఊట లోతు నిర్ణయించకూడదని ప్రతి ఒక్కరికీ గట్టిగా చెబుతాను. మట్టిని ఏ కాలంలోనైనా నానబెట్టి పరీక్షించుకోవచ్చు. ఊటను మాత్రం కాలవలు పారే రోజుల్లోనే చూడాలి. ఒక ఏడాది ఆగలేకపోతే, చుట్టుపక్కల చేదబావులున్నవాళ్ళని శ్రావణంలో నీళ్ళెంత పైకొస్తాయో అడగండి. ఏ ఆఫీసు రికార్డు కన్నా ముందు వాళ్ళ నోట తెలుస్తుంది.

మూడోది దూరాల లెక్క. మురుగునీటిని నేలలోకి ఇంకించే గుంత ఏ తాగునీటి బావికైనా 18 మీటర్ల లోపు ఉండకూడదు, నివాసగదులకు 6 మీటర్ల లోపు ఉండకూడదు. పద్దెనిమిది మీటర్లంటే యాభై తొమ్మిది అడుగులు. మా స్థలం వెడల్పే నలభై. ఈశాన్యాన బోరు, వాయవ్యాన ఇంకుడు గుంత అన్న వాస్తు నలభై అడుగుల స్థలంలో ఎలా వేసినా ఈ దూరం రాదు. టేపు పట్టుకుని పడమటి ప్రహరీ అవతలికి వెళ్ళి చూస్తే పక్కింటి చేతిపంపు మా మూలకు పది అడుగుల్లో ఉంది. ప్లానులో మన స్థలం గీతలు మాత్రమే ఉంటాయి. పక్కవాళ్ళ పంపు అందులో కనపడదు. ఆ పంపు నీళ్ళే వాళ్ళ మనవరాలు తాగేది. ఆ పది అడుగులు కొలిచాక, మా ఇంట్లోంచి ఒక్క చుక్క మురుగు కూడా నేలలోకి ఇంకనివ్వకూడదని నిశ్చయించుకున్నాను.

దీన్ని అతి జాగ్రత్త అనుకునేవాళ్ళకు ఒక మాట. 2018 మార్చిలో గుంటూరు నగరంలో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పట్నంలో గొట్టాల్లో జరిగేది పల్లెలో నేల కింద జరుగుతుంది. నేల కింద జరిగేది ఎవరికీ కనపడదు.

ఇసుక నేలల వాళ్ళు తమకీ బాధ లేదనుకుంటారు. మా వదిన వాళ్ళది కొల్లిపర వైపు, కృష్ణ ఒడ్డున. అక్కడ గుంటలో పోసిన నీళ్ళు నిమిషాల్లో ఇంకిపోతాయి. వాళ్ళ దొడ్డి ఏనాడూ పొంగింది లేదు. కానీ అంత వేగంగా దిగే నీటిని వడకట్టే తీరిక ఇసుకకు ఉండదు. నా మాట మీద వదిన చేతిపంపు నీళ్ళను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్షకిచ్చింది. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదన్నది తాగునీటి ప్రమాణం. వాళ్ళది ఆ గీత దాటింది. నైట్రేటుకు రంగు, రుచి, వాసన ఉండవు. కాచినా పోదు సరిగదా, నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. పాలపొడి కలిపి పట్టే పసిబిడ్డలకు అది ప్రమాదం. ఎరువులు వేసే పొలాల నుంచి కూడా నైట్రేటు వస్తుంది కాబట్టి అంతా దొడ్డి గుంతల వల్లే అని అనను. కానీ పంపుకు పన్నెండడుగుల్లో అడుగు లేని గుంత పెట్టుకుని అనుమానం లేకుండా ఎలా ఉంటాం? వదిన వాళ్ళు ఇప్పుడు తాగడానికి పంచాయతీ కుళాయి నీళ్ళు వాడుతున్నారు.

ఇక మేం కట్టింది. అమ్మ కోరినట్టు వాయవ్యం మూలే ఉంచాం. ఇంకుడు గుంత తీసేసి, అడుగు, గోడలు అన్నీ నీరు కారని గట్టి ట్యాంకు, దాని పక్కన వడపోత గది, ఆ తరవాత మొక్కల మడి. పది మంది వాడే ఇంటికి, రెండేళ్ళకోసారి మడ్డి తీయించుకునేలా నియమావళి ఇచ్చే కొలతలు: పొడవు రెండు మీటర్లు, వెడల్పు తొంభై సెంటీమీటర్లు, నీటి లోతు 1.4 మీటర్లు, దాని పైన ముప్పై సెంటీమీటర్ల ఖాళీ. అమ్మ ఒక్కతే ఉండే ఇంటికి అంత ఎందుకని అడిగారు. సంక్రాంతికీ, వేసవి సెలవులకీ ఇంటినిండా ఉంటాం. ట్యాంకు కట్టేది ఆ రోజుల కోసం.

బాబాయి అసలు పనితనం ఇక్కడ చూశాను. ఒకసారి కారణం అర్థమయ్యాక నాకన్నా పట్టుదలగా చేశాడు. తవ్విన రేగడి మళ్ళీ గోడల పక్కన నింపనివ్వలేదు. అది ఉబ్బి గోడను నొక్కుతుంది, ఎండితే వదిలేస్తుంది. ఏటా అలా నొక్కి వదిలితే గోడ చీలిపోతుంది. చుట్టూ అడుగు మందాన ఇసుక, సన్న కంకర నింపాం. ట్యాంకు కింద కూడా ఇసుక పరిచి, దాని మీద కడ్డీలు వేసిన కాంక్రీటు అడుగు. గొట్టాలు గోడలోకి దూరే చోట సిమెంటుతో బిగించేయకుండా కొంచెం కదలనిచ్చే రబ్బరు జాయింట్లు పెట్టించాడు. నేల కదిలినప్పుడు గొట్టం విరిగేది సరిగ్గా అక్కడే అని ఆయనకు అనుభవం.

ఊట పైకి తోసే బలం గురించి మాత్రం ఆయన అంతకుముందు ఎప్పుడూ విని ఉండలేదు. గోడలతో కలిపి ట్యాంకు బయటి పరిమాణం సుమారు ఆరున్నర ఘనమీటర్లు. చుట్టూ నీరు నేలమట్టం దాకా వస్తే అది ట్యాంకును ఆరున్నర టన్నుల బలంతో పైకెత్తుతుంది. లోపల నిండుగా ఉన్నంతకాలం భయం లేదు. వానాకాలంలో మడ్డి తోడించి ఖాళీ చేసినప్పుడు ప్రమాదం. ఇటుక ట్యాంకు బరువు ఆ బలానికి ఇంచుమించు సరిపోతుంది, అంతకన్నా మిగులు లేదు. తేలికైన ప్లాస్టిక్ ట్యాంకులైతే గట్టిగా బిగించకపోతే లేచి వస్తాయి. అందుకని అడుగు కాంక్రీటును గోడల బయటికి అడుగు మేర చాపించాను. దాని మీద కూర్చున్న ఇసుక, కంకర బరువే ట్యాంకును పట్టి ఉంచుతుంది. అదనంగా అయింది కొన్ని బస్తాల సిమెంటు, కొన్ని కడ్డీలు.

లోపల అమరికలు చిన్నవే గానీ వదిలేయకూడనివి. లోపలికొచ్చే గొట్టానికీ బయటికెళ్ళే గొట్టానికీ టీలు, అంటే ఇంగ్లీషు T ఆకారపు గొట్టం ముక్కలు, పెట్టాలి. అప్పుడే తెట్టె బయటికి కొట్టుకుపోదు. బయటి గొట్టం లోపలి దానికన్నా రెండంగుళాలు కిందికి ఉండాలి. ట్యాంకు పొడవులో, నీరు లోపలికొచ్చే వైపు నుంచి మూడింట రెండు వంతుల దగ్గర అడ్డగోడ. గాలిగొట్టం డాబా పైదాకా, దాని చివర దోమల జాలీ. జాలీ చిరిగితే ఆ ఒక్క ట్యాంకే వీధి మొత్తానికీ దోమల్ని పుట్టిస్తుంది. బోదకాలు దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి మురికినీటిలోనే. కట్టడం, లోపలి పూత అయ్యాక ట్యాంకు నిండా మంచినీళ్ళు పోసి గీత పెట్టి ఒక రోజు వదిలాం. గీత దిగలేదు. ఆ తరవాతే పైన శ్లాబు వేశారు.

వడపోత గది ట్యాంకు నీటి పరిమాణంలో మూడో వంతు నుంచి సగం దాకా ఉండాలి. నీరు అడుగు నుంచి ప్రవేశించి, చిల్లుల పలక మీద పోసిన కంకర గుండా పైకి ఎక్కుతుంది. కంకరకు పట్టిన సూక్ష్మజీవుల పొర ఆ నీటిలోని మలినాన్ని చాలావరకు తినేస్తుంది. పైనుంచి పొర్లిన నీరు ప్రహరీ వెంట నేల మీదే కట్టిన తొట్టిలాంటి మడిలోకి వెళ్తుంది. మడికి అడుగున కూడా పూత ఉంది. అందులో మెట్టతామర, అరటి వేశాం. అవి తాగగా మిగిలింది సైడు కాలవకు పోతుంది. ఆకుకూరలు, నేలకు తగిలి కాసే కూరగాయలు ఆ మడిలో వేయకూడదు. అమ్మకు గోంగూర వేయాలని ఉండేది, వద్దని ఒప్పించాను. స్నానాల నీళ్ళు, వంటింటి నీళ్ళు ట్యాంకుకు కలపలేదు, వేరే చాంబరు పెట్టాం. దొడ్లో యాసిడ్లు, ఫినాయిలు బకెట్లకొద్దీ పోయడం కూడా మాన్పించాను. అవి ట్యాంకులో పనిచేసే జీవుల్నే చంపుతాయి.

ఇంటి నేలను రోడ్డు కన్నా మూడడుగులు లేపడానికి వేరే కారణం ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు మా చిన్నత్త వాళ్ళింట్లో వరదనీళ్ళు గుమ్మం కన్నా ముందు మరుగుదొడ్డిలోంచి వచ్చాయి. అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఇలాంటి చోట దొడ్డి మట్టం ఎత్తుగా ఉండాలి, బయటి గొట్టానికి నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు ఉండాలి. మేం రెండూ పెట్టాం.

మొత్తం మీద వరలకయ్యే ఖర్చు కన్నా చాలా ఎక్కువే అయింది. ముందు గేటుకు అనుకున్న డబ్బు ఇటు మళ్ళించాం. ఇప్పటికీ గేటు పాతదే.

మడ్డి తీయించడం గురించి కట్టక ముందే ఆలోచించాలి. మూతలు వీధి వైపు, ట్యాంకరు గొట్టం అందే చోట పెట్టించాం. మనిషి లోపలికి దిగాల్సిన అవసరం ఎప్పటికీ రాకూడదు. సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలా చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. అయినా దింపుతున్నారు, అయినా చనిపోతున్నారు. ట్యాంకులో పేరుకున్న వాయువు ఒక్క ఊపిరికే మనిషిని పడగొడుతుంది, కాపాడబోయినవాడూ పడిపోతాడు. ట్యాంకరు పిలిచినవాళ్ళు దగ్గర నిలబడి చూడాలి, ఎవరినీ దిగనివ్వకూడదు. తోడిన మడ్డి ఎక్కడ పోస్తారో కూడా అడగాలి. మా చుట్టుపక్కల చీకటి పడ్డాక డ్రెయిన్లలో వదిలేసిన సందర్భాలు ఉన్నాయి, ఆ నీళ్ళే కింద పొలాలకు వెళ్తాయి. తోడించే కాలం వేసవి. కాలవలు కట్టేశాక, ఊట దిగిపోయాక, మళ్ళీ నీళ్ళు వదిలేలోపు. మొత్తం ఊడ్చేయకుండా అడుగున కొంచెం మడ్డి ఉంచితే జీవులు మళ్ళీ పుంజుకుంటాయి.

కట్టాక ఒక కాలవల కాలం గడిచింది. దొడ్డి ఒక్క రోజు కూడా ఆగలేదు. పక్కింటి బాబాయి ఈ మధ్య తన చేతిపంపు నీళ్ళు కూడా పరీక్షకిచ్చాడు. ఎదురింటి పిన్ని వాళ్ళు వరలు తీసేయించి ట్యాంకు కట్టించుకుందామని మా ప్లాను కాగితం తీసుకెళ్ళారు. మేస్త్రి బాబాయి ఇప్పుడు ఏ ఇంటికి పిలిచినా ముందు గుంట తవ్వి రాత్రంతా నీళ్ళు నిలబెట్టమంటున్నాడు.

తేలనిది ఇంకొకటి ఉంది. మా వీధి సైడు కాలవ చివరికి ఊరి చెరువులోకే వెళ్తుంది. మేం వదిలే నీరు వడపోసినదే, మిగతా ఇళ్ళవి నేరుగా వెళ్తున్నాయి. స్వచ్ఛభారత్ రెండో దశలో పల్లెల మురుగునీటికీ, మడ్డి శుద్ధికీ పనులు చేపట్టే వీలు కల్పించారు. ఆ కాలవ చివర వడపోత మడి కట్టాలని, ఇంటి ప్లాను దరఖాస్తుతో పాటు మట్టి పరీక్ష ఫలితం, పక్క స్థలాల్లోని బావుల దూరం కూడా జతచేయమని పంచాయతీ అడగాలని రాసిన అర్జీ మీద మా వీధివాళ్ళందరం సంతకాలు పెట్టాం. అక్టోబరు 2 గ్రామసభలో దాన్ని చదవబోతున్నాను.